మంగళ, గురువారాల నడక

నా మనవరాలు అంకిత నాతో సరిగ్గా మాట్లాడటం మొదలుపెట్టింది నాకు నాలుగువేల మైళ్ల దూరం వెళ్లాకే.

అంతకుముందు ఒకే ఇంట్లో ఉన్నాం. 2013 డిసెంబరులో నేనూ మా ఆవిడ జ్ఞానప్రసూనా ఆర్నెల్లు ఉండి వెళ్దామని ఇండియా నుంచి మోరిస్‌విల్‌లో మా అబ్బాయి రవికాంత్ ఇంటికి వచ్చేసరికి ఆ పిల్ల కాలేజీ సెలవులకి ఇంట్లోనే ఉంది. పొద్దున్నే "హాయ్ తాతా" అనేది. "బాగున్నావా తల్లీ" అనేవాణ్ణి. "బాగున్నా" అనేది. అక్కడితో మా దగ్గరున్న సరుకు అయిపోయేది. తన తెలుగు నాకు సగం అర్థమయ్యేది, నా ఇంగ్లీషు తనకి సగం. జనవరి నెలాఖరుకి ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా ఒక సెమిస్టర్ చదవడానికి నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ అనే ఊరికి వెళ్లిపోయింది. తను తిరిగొచ్చేది జూలైలో. మేం ఇండియాకి బయల్దేరేది జూన్ మొదటివారంలో. అంటే ఎయిర్‌పోర్టులో అన్న "బై తాతా"తోనే ఆ యాత్రకి మా ఇద్దరి కథా ముగిసినట్టే. నాకప్పటికి డెబ్బై నాలుగు. మళ్లీ వస్తానో రానో అన్న మాట పైకి అనలేదు గానీ, మనసులో అనుకున్నాను.

రవికాంత్‌కి ఆ చదువు ప్రయాణం ఇష్టం లేదు. "ఇంటర్న్‌షిప్ వెతుక్కోవాల్సిన టైమ్‌లో యూరప్ ఏంటి నాన్నా? టూర్ కాకపోతే!" అని నా దగ్గర గొణిగాడు. పిల్ల పట్టుబట్టి, తండ్రితో వారం రోజులు మాటలు మానేసి, స్కాలర్‌షిప్ తెచ్చుకుని మరీ వెళ్లింది. మా కోడలు ఉమ దాని టైమ్‌టేబుల్ ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించింది. అక్కడి టైము ఒక వరసలో, ఇక్కడి టైము పక్క వరసలో. క్లాసులో ఉండగా ఎవరూ ఫోన్ చేసి విసిగించకూడదని.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం. పొద్దున తొమ్మిదిన్నరకి డైనింగ్ టేబుల్ మీద ఐప్యాడ్ మోగింది. అంకిత మొహం. జుట్టంతా గాలికి ఎగిరి కళ్లల్లో పడుతోంది.

"అమ్మ లేదా, తాతా?"

"ఆఫీసుకెళ్లింది. నాన్నా వెళ్లాడు. నానమ్మ స్నానం చేస్తోంది. నేనే ఉన్నాను."

"ఓ."

ఆ టైముకి అమ్మ ఇంట్లో ఉండదని ఆ పిల్లకి తెలియదా? ఆ ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. నా చూపు దాని వెనకాల మెరుస్తున్నదాని మీద ఉంది.

"వెనకాల ఏంటమ్మా? నీళ్లా?"

"యా. కెనాల్."

"తిప్పు, తిప్పు. చూపించు!"

నా సంగతి మీకు చెప్పాలి. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఇరిగేషన్ ఓవర్సీరుగా ముప్పై ఒక్కేళ్లు చేశాను. దుగ్గిరాల లాకుల దగ్గర్నుంచి రేపల్లె దాకా కాలువ గట్ల మీద నేను తొక్కినంత సైకిలు ఎవరూ తొక్కి ఉండరు. అలాంటివాడికి మోరిస్‌విల్‌లో ఏముంది? ఇల్లు, కారు, కారు దిగితే షాపు, షాపులోంచి బయటికొస్తే కారు. నీళ్లున్నాయి గానీ అవి ఇళ్ల మధ్య గుండ్రంగా తవ్వి వదిలేసిన గుంటలు. వాటికి పోయే చోటే లేదు పాపం, నాలాగే.

పిల్ల ఫోను తిప్పింది. నేను కుర్చీలోంచి సగం లేచాను.

ఊరి మధ్యలో కాలువ. రెండు పక్కలా వీధులు, చెట్లు, ఇటుక ఇళ్లు. అంతవరకూ సరే. ఆ వీధి కింద, నీళ్లని ఆనుకుని, ఇంకో వీధి! ఆ కింది వీధిలో గోడకి వరసగా తలుపులు. నీళ్లకీ గడపకీ మధ్య మూరెడు ఎత్తు కూడా ఉన్నట్టు లేదు.

"ఆ తలుపులేంటే, అంత కిందికి పెట్టారు?"

"సెల్లార్స్, తాతా. పాత టైమ్‌లో బోట్స్‌లోంచి సామాన్లు డైరెక్ట్‌గా లోపల పెట్టేవాళ్లంట. ఇప్పుడు రెస్టారెంట్స్."

"మరి వరదొస్తే?"

"వరద అంటే?"

"ఫ్లడ్."

"నాకు తెలీదు."

"తెలియకపోతే అడుగు. అదిగో, ఆ కుర్చీలు తుడుస్తున్నాయన్ని అడుగు. నీళ్లెప్పుడూ ఇంతే ఉంటాయా అని."

పిల్ల కదల్లేదు. తెర మీద దాని బూటు కొసలు కనిపిస్తున్నాయి. ఇంత చిన్న ప్రశ్నకి అంత జంకేమిటా అనుకున్నాను. చివరికి మెట్లు దిగింది. ఏదో గొణిగింది. ఆయన నవ్వడం వినిపించింది.

"ఆల్వేస్ సేమ్ అంట, తాతా. సమ్మర్, వింటర్, ఎప్పుడూ."

"అయితే రాసిపెట్టుకో. ఆ ఊళ్లో ఎక్కడో లాకు ఉండి తీరాలి. లేకపోతే ఆ మట్టం నిలవదు."

"లాకు?"

"కాలువకి తలుపులమ్మా. రెండు జతల తలుపుల మధ్యకి పడవని రానిచ్చి, నీళ్లు నింపి పైకి లేపుతారు. లేకపోతే వదిలేసి కిందికి దింపుతారు. వెతుకు, దొరుకుతుంది."

"నువ్వు ఇక్కడికి ఎప్పుడూ రాలేదు కదా. ఎలా తెలుసు?"

"నీళ్లు ఎక్కడైనా నీళ్లేనే పిచ్చిమొహమా!"

గురువారం సరిగ్గా అదే టైముకి మళ్లీ మోగింది. "తాతా, లాక్ కోసం వెళ్దామా?" అంది.

వెళ్లాం. ఇంక చూస్కోండి, మంగళవారం, గురువారం ముసలోడికి పండగ. తొమ్మిదికల్లా కాఫీ తాగేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఐప్యాడ్ ముందు కూర్చునేవాణ్ణి. "పెళ్లిచూపులకి కూడా ఇంత తయారవలేదు మీరు" అనేది ప్రసూన. ఆ మాట నిజమే, ఏం చెయ్యను?

ఊరు మొత్తం చూశాను. వంతెనల కింద ఎంత చీకటో, చర్చి గంటలు ఎంత సేపు మోగుతాయో, పొట్లంలో ఇచ్చే వేపుడు బంగాళాదుంప ముక్కలమీద తెల్లటి జిడ్డు సాసు పోసుకుని జనం ఎలా తింటారో అన్నీ చూశాను. "ఛీ, ఆవకాయ వేసుకోక!" అంటే అంకిత పడీపడీ నవ్వింది. వానలో గొడుగు ఎగిరిపోతే ఇద్దరం కలిసి దాని వెంటపడ్డాం, అంటే పిల్ల పరిగెత్తింది, నేను కేకలు వేశాను. నీళ్లు ఎటు పారుతున్నాయో తెలియడం లేదంటే, "ఒక ఎండుటాకు వెయ్యి, అదే చెబుతుంది" అన్నాను. ఆకు మెల్లగా ఉత్తరానికి కదిలింది. దిగువకి నడవమన్నాను. లాకు తలుపుల రెండు రెక్కలూ ఎప్పుడూ ఎగువకి ముక్కులా మొన పెట్టి మూసుకుంటాయని ముందే చెప్పి ఉంచాను. నీళ్లే వాటిని నెట్టి బిగిస్తాయి.

నాలుగో నడకలో దొరికింది.

"తాతా! డోర్స్! టూ డోర్స్! ముక్కు ఎగువకే ఉంది!"

గెంతుతోంది. తెర మీద ఆకాశం, నీళ్లు, ఇటుకలు అన్నీ కలిసిపోయాయి. నేను పెట్టిన కేకకి దేవుడి దగ్గర దీపం పెడుతున్న ప్రసూన చేతిలో అగ్గిపుల్లతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏమైందండీ? ఎవరికేమైంది?" అని.

"లాకు దొరికిందే!"

"ఓస్, నా తండ్రీ, గుండె ఆగింది కదా!"

ఆ రోజు ఆ పిల్ల లాకు గట్టు మీద కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పించుకుంది. వేసవిలో కాలువకి నీళ్లు కట్టేస్తే అడుగున ఏమేం బయటపడతాయి, పడవల సరంగులు లాకు దగ్గర వంతు కోసం ఎలా పోట్లాడుకునేవాళ్లు, తుఫాను రోజున నేను గట్టు తెగకుండా ఇసక బస్తాలు ఎలా వేయించాను. రవికాంత్‌కి ఇవన్నీ ఎన్నడూ చెప్పలేదు. వాడు అడగలేదు, నేనూ తీరిగ్గా ఇంట్లో లేను. ఇది అడిగింది. తన సంగతులూ చెప్పింది. అన్నం ఒక్కతే తింటుందట. వంటగదిలో నలుగురు అమ్మాయిలు నవ్వుకుంటుంటే ప్లేటు పట్టుకుని గదిలోకి వెళ్లిపోతుందట. "ఇట్స్ ఓకే, తాతా" అంది. నాకైతే ఓకే అనిపించలేదు.

ఇక అసలు సంగతి చెప్పాలి. సిగ్గేసినా చెప్పాలి.

మొదటివారంలోనే, పాలు తీద్దామని ఫ్రిజ్ దగ్గరికెళ్లి టైమ్‌టేబుల్ చూశాను. మంగళ, గురువారాలు: గ్రూప్ ప్రాజెక్ట్, ఇక్కడి టైములో తొమ్మిదింబావు నుంచి పదకొండు. ఆ పిల్ల నాతో కాలువ గట్టు మీద తిరుగుతున్నది సరిగ్గా ఆ క్లాసులో ఉండాల్సిన టైములో.

నేనెవణ్ణి? దొంగ రీడింగులు పట్టడంలో జిల్లాలో పేరున్నవాణ్ణి. లాకు దగ్గర లస్కరు రోజుకి మూడుసార్లు నీటిమట్టం చూసి పుస్తకంలో రాయాలి. చూడకుండా ఇంట్లో మంచం మీద కూర్చుని రాసేవాళ్లుంటారు. అంకెలు చూడగానే చెప్పేసేవాణ్ణి, వీడు గట్టెక్కలేదని. అలాంటి నేను ఫ్రిజ్ ముందు నిలబడి, కళ్లజోడు సవరించుకుని, పాలు తీసుకుని వచ్చేశాను. క్లాసు టైము మారిందేమోలే అనుకున్నాను. మార్చిలో ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిపారు, యూరప్‌లో ఇంకా జరపలేదు. ఆ మూడువారాలూ ఉమ అంటించిన వరసలు కలవవు కదా, ఎవరికి తెలుసు ఏ టైమో అని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ మూడువారాలూ ఫోను పదిన్నరకి వచ్చింది. యూరప్‌లో కూడా గడియారాలు మారగానే మళ్లీ తొమ్మిదిన్నరకి వచ్చింది. క్లాసు ఎటు జరిగితే ఫోనూ అటే జరిగింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అడగలేదు. అడిగితే ఆ నడక ఆగిపోతుంది. అంతే. ఇంకే కారణమూ లేదు.

ఏప్రిల్లో ఒక మంగళవారం మేం సైకిళ్లు తీసే పడవ చూస్తున్నాం. ఆ ఊళ్లో తాగినవాళ్లూ తుంటరివాళ్లూ సైకిళ్లు కాలువలో పడేస్తారట. ఇనప గోళ్లున్న క్రేన్ ఒకటి మునిగి, నాలుగైదు సైకిళ్లని నాచుతో సహా పైకి లాగుతోంది. "మా కాలువలో గేదెలు దొరికేవి" అంటున్నాను నేను. ఇంతలో పక్కన ఎవరో సైకిలు ఆపిన చప్పుడు. అంకిత చెయ్యి టక్కున కిందికి దిగింది. తెరమీద నీళ్లు తప్ప ఏమీ లేవు.

మగపిల్లవాడి గొంతు. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా పలుకుతున్నాడు. అందుకే నాకూ అర్థమైంది. ఇవాళ క్లాసు తొందరగా వదిలేశారు అంటూ, ఇన్ని వారాలుగా నువ్వు రావడం లేదు, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. వచ్చేవారం గురువారమే ప్రెజెంటేషన్, ఆ రోజూ రాకపోతే గ్రూపులోంచి నీ పేరు తీసెయ్యాలి, మాకిష్టం లేదు గానీ తీసెయ్యాలి అన్నాడు. మా తప్పు కూడా ఉంది, మొదటిరోజు మేం నలుగురం మా డచ్‌లోనే మాట్లాడుకుంటూ కూర్చున్నాం, నిన్ను పట్టించుకోలేదు అన్నాడు.

"నో, నో. ఐయామ్ సారీ. ఐ విల్ కమ్" అంది అంకిత. ఆ గొంతు నేనెరగను. చిన్నపిల్ల గొంతు.

సైకిలు వెళ్లిపోయింది. మొహం మళ్లీ తెరమీదికి వచ్చింది, నవ్వు తగిలించుకుని.

"జస్ట్ ఎ ఫ్రెండ్, తాతా. చూడు, ఇంకో సైకిల్!"

"అవునమ్మా. బాగుంది" అన్నాను.

ఐప్యాడ్ ఆరిపోయాక వెనక్కి తిరిగితే ప్రసూన కూరలు తరిగే కత్తిపీట ముందు కదలకుండా కూర్చుని ఉంది.

"విన్నాను" అంది.

"ఊఁ."

"మీకు ముందే తెలుసు, అవునా? మీ మొహం చూస్తే తెలియట్లా?"

"ఊఁ."

"ఎల్లుండి ఫోన్ చెయ్యగానే చెప్పండి, బుద్ధిగా క్లాసుకి వెళ్లమని."

"చెబితే సిగ్గుపడుతుంది. తండ్రితో కొట్లాడి వెళ్లిన పిల్ల. తండ్రి ముందు ఎలా దాక్కుంటోందో నా ముందూ అలాగే దాక్కుంటుంది. మళ్లీ ఫోన్ చెయ్యదు."

"మీకు కావాల్సింది పిల్లా, ఫోనా?"

నలభై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ నన్ను చాలా మాటలంది. ఇంత సూటిగా ఎప్పుడూ తగల్లేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర రవికాంత్ హుషారుగా ఉన్నాడు. "అంకితతో మాట్లాడాను నాన్నా. క్లాసులన్నీ గ్రేట్ అంటోంది. నేనే అనవసరంగా గొడవ చేశాను. పంపించడం మంచిదైంది" అన్నాడు. వాడు తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదటిసారి. చెప్పేస్తే వాడు ఆ క్షణమే ఫోన్ చేసి అరుస్తాడు, లేదా టికెట్ బుక్ చేసి వెనక్కి రప్పిస్తాడు. రెంటిలో ఏది జరిగినా ఆ పిల్ల ఓడిపోయినట్టే. ప్రసూన నా వైపోసారి చూసి, "ఇంకాస్త పప్పు వెయ్యనా నాన్నా?" అంది కొడుకుతో.

రాత్రంతా ఆలోచించాను. నేను తిట్టిన లస్కర్లెవరూ బాగుపడలేదు, మరింత అందంగా దొంగ రీడింగులు రాయడం నేర్చుకున్నారు. కాబట్టి తిట్టేది లేదు. తెలుసని చెప్పేదీ లేదు. ఆ పిల్ల క్లాసుకి వెళ్లకుండా తిరగడానికి తోడు ఎవరు? నేను. ఆ తోడు తీసేస్తే సరి.

గురువారం తొమ్మిదిన్నరకి ఫోను మోగింది.

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నిజంగానే. లేకపోతే అవి ఆగవు. తెరమీద దాని ఫొటో, పచ్చటి బొత్తాం, ఎర్రటి బొత్తాం. మోగి మోగి ఆగింది. నిమిషం తర్వాత మళ్లీ మోగింది. ప్రసూన వంటింట్లోంచి వచ్చి నా వెనక నిలబడింది. క్లాసుకి పంపమన్నది ఆవిడే, ఇప్పుడు "ఒక్కసారి ఎత్తి బాగున్నావా అని అడగండి, పాపం" అంటోంది. నేను తల అడ్డంగా ఊపాను.

మంగళవారం రెండుసార్లు మోగింది. ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం ఇంటి చుట్టూ ఉన్న సైడ్‌వాక్ మీద ఆరుసార్లు తిరిగాను. పక్కింటాయన కారు ఆపి, అంతా బాగానే ఉందా సార్ అని అడిగాడు. ఫైన్, ఫైన్ అన్నాను.

ప్రెజెంటేషన్ ఉన్న గురువారం వచ్చింది. తొమ్మిదింబావు అయింది. తొమ్మిదిన్నర అయింది. మోగలేదు. పది అయింది. మోగలేదు. క్లాసుకి వెళ్లిందా, లేక నా మీద అలిగి ఒక్కతే ఏ వంతెన మీదో నిలబడిందా? కన్నబిడ్డలు పరీక్షలు రాసినప్పుడు కూడా నేనిలా గడియారం చూస్తూ కూర్చోలేదు. పదకొండయ్యాక ప్రసూన మజ్జిగ తెచ్చి ముందు పెట్టింది. "మోగలేదంటే మంచిదే కదండీ" అంది, తనకే నమ్మకం లేనట్టు.

శుక్రవారం కూడా ఏ కబురూ లేదు.

శనివారం పొద్దున రవికాంత్, ఉమ కూరలకని షాపుకెళ్లారు. పది దాటాక ఐప్యాడ్ మోగింది. ఈసారి రెండో గంట మోగనివ్వలేదు.

అంకిత ఎక్కడో బెంచీ మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపం కూడా ఉంది.

"వై, తాతా? ఫోర్ టైమ్స్ కాల్ చేశాను. నువ్వు సిక్ అయ్యావేమో అని భయమేసింది. నానమ్మకి ఏమైనా అయ్యిందా, నాన్న నాకు చెప్పట్లేదా అనుకున్నాను. నాన్నని అడిగితే తాత ఈజ్ ఫైన్ అన్నాడు. నువ్వు ఫైన్ అయితే ఎందుకు ఎత్తలేదు?"

"క్లాసుంది కదమ్మా నీకు."

పిల్ల వెనకనుంచి జనం వెళుతున్నారు.

"గురువారం వెళ్లాను" అంది. "ప్రెజెంటేషన్ ఇచ్చాను. నా పార్ట్ ఫోర్ మినిట్స్. టెరిబుల్, తాతా. ఒక స్లైడ్ మర్చిపోయాను. బట్ వాళ్లు నా నేమ్ తియ్యలేదు."

"వెళ్లావు కదా. చాలు. నా తల్లివి."

"నీకు తెలుసా? నేను క్లాస్‌కి వెళ్లట్లేదని?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

ఆ సైకిలు కుర్రాడు వచ్చిన రోజు నుంచి అని చెప్పి బయటపడొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"మొదటివారం నుంచి."

అంకిత నోరు తెరిచి నా వైపు చూసింది. "టూ మంత్స్! టూ మంత్స్ తెలిసి నాకు చెప్పలేదా? వై?"

"చెబితే నువ్వు ఫోన్ చెయ్యడం మానేస్తావని భయమేసిందమ్మా. నీతో తిరగడం నాకు అంత బాగుంది. నీ చదువు పాడవుతోందని తెలిసి కూడా నోరు మూసుకున్నాను. పెద్దవాణ్ణి, నేను చెయ్యాల్సిన పని కాదది. తప్పు నాదే."

పిల్ల చున్నీలాంటిదేదో మెడలోంచి లాగి మొహం తుడుచుకుంది. తుడుచుకున్నా ఆగలేదు.

"నేను కూడా అందుకే నీకు చెప్పలేదు, తాతా" అంది. "చెప్తే నువ్వు వెళ్లు, వెళ్లు అంటావు. అప్పుడు మనకి వాక్ ఉండదు."

నేను ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. ప్రసూన వచ్చి పక్క కుర్చీలో కూర్చుని, ఎవరు ఏమన్నారో అడక్కుండానే తనూ మొదలుపెట్టింది. ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఒక్క కాలువ కూడా చూడలేదు.